మాట తేలాకే మెతుకు

ఊట్లపల్లె పుల్లయ్య పేరు చెబితే మా వైపు ముసలివాళ్లు ముందుగా ఆయన చేతుల్నే తలుచుకుంటారు. మడక పట్టిన చేతులని కాదు. మా ఊళ్లో మడక పట్టని చేతులు ఎవరికున్నాయి కనక. ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని ఆయన ఒకనాడు మద్రాసులో, దొరలు భోంచేసే హోటల్లో, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కదలకుండా కూర్చున్నాడు. మా ఊరు ఈనాటికీ మంచినీళ్లు తాగుతోందంటే అది ఆ కూర్చోవడం వల్లే.

ఈ కథ నాకు చెప్పింది పుల్లయ్య తాత కాదు. ఆయన దేని గురించీ చెప్పుకునే రకం కాదు. చెప్పింది మార్కాపురంలో పలకల వ్యాపారం చేసిన ఉమామహేశ్వర్లు శెట్టి. ఆ రోజు పుల్లయ్య పక్క కుర్చీలో కూర్చుని చెమటలు కక్కింది ఆయనే. శెట్టి చెప్పిన ప్రతిసారీ ఆ హాలు కొంచెం పెద్దదయ్యేది, గోడలకున్న అద్దాలు కొంచెం ఎత్తు పెరిగేవి. పుల్లయ్య చేతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం శెట్టి గొంతు తగ్గిపోయేది. అంత మాటకారి కూడా అక్కడ ఒక్క ముక్క కలిపి చెప్పేవాడు కాదు.

ముందు మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఇంకొకరి ఇంటికి ఏదైనా పెద్ద మాట అడగడానికి పోయినప్పుడు, పిల్లను అడగడానికి గానీ, గట్టు తగాదా తీర్చుకోవడానికి గానీ, ఆ ఇంటివాళ్లు విస్తరి వేస్తారు. వేయక తప్పదు. వచ్చినవాడు విస్తరి ముందు కూర్చుంటాడు. కూర్చోకపోతే ఆ ఇంటిని అవమానించినట్టు. కానీ మెతుకు ముట్టడు. అన్నం వడ్డిస్తారు, పప్పు వేస్తారు, నెయ్యి పోస్తారు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని అట్లాగే ఉంటాడు. అప్పుడు ఇంటి యజమాని ఏంది సంగతి అని అడుగుతాడు. మాట తేలాకే చెయ్యి విస్తరి మీదికి వస్తుంది.

ఇది బెదిరింపు కాదు, అలక అంతకన్నా కాదు. దీనికి కట్టుబాట్లున్నాయి. చిన్నాచితకా పనులకు ఇట్లా కూర్చోకూడదు. ఒక విస్తరి ముందు ఒకటే మాట అడగాలి. అన్నిటికన్నా గట్టిది చివరిది. ఒకసారి తిన్నాక ఆ ఇంటి ఉప్పు తిన్నట్టే. ఆ తర్వాత ఆ యజమాని నీకు ఏం చేసినా నోరెత్తకూడదు. అంటే మాట ఇచ్చినవాడు ఎంత కట్టుబడతాడో, తిన్నవాడూ అంతే కట్టుబడతాడు. పుల్లయ్యకు ఇదంతా నేర్పింది వాళ్ల నాయన పెద్దయ్య. ఆ పెద్దయ్య సమాధి ఊరికి పడమరగా, గుట్ట వాలులో పుల్లయ్య సాగుచేసే గట్టుచేనులో ఉండేది. పుల్లయ్య ఏటా దానికి తనే సున్నం కొట్టేవాడు. పొద్దున్నే మడక కట్టబోయే ముందు దాని దగ్గర కాసేపు నిలబడటం ఆయన అలవాటు.

ఆ చేను కిందే పలకరాయి పడింది. అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. మార్కాపురం చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా పొరలు పొరలుగా నల్లరాయి బయటపడుతుండేది. ఉలితో సన్నగా చీల్చి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. పిల్లల బడులన్నీ ఆ పలకలతోనే నడిచేవి. మద్రాసు కంపెనీ ఒకటి మా గుట్ట మీద కన్నేసింది. గుట్ట సర్కారుది కాబట్టి అది ఎట్లాగూ వాళ్లకు దక్కింది. గుట్టకు దారి, మంచి రాయి ఉన్న పొర, రెండూ పుల్లయ్య గట్టుచేనులోనే ఉన్నాయి. ఆయన సంతకం లేకుండా పని సాగదు.

చేను పోతుందని ఊరు బాధపడలేదు. చేను పుల్లయ్యది, ఆయన ఇష్టం. ఊరి ప్రాణం ఉన్నది గుట్ట అడుగున ఉన్న ఊటబావిలో. మా నేలలో ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్లే, అవీ ఎండాకాలం వచ్చేసరికి అడుగంటుతాయి. ఆ ఒక్క ఊటే తియ్యగా, ఏ కరువులోనూ ఆగకుండా పారేది. కంపెనీ వాళ్లు గీసుకున్న పటంలో పనికిరాని రాతిపెళ్లలు పోసే చోటు సరిగ్గా ఆ బావి మీద పడింది. పెద్దలు అర్జీలు పెట్టారు, తాలూకా కచేరీ చుట్టూ తిరిగారు. వినే నాథుడు లేడు. చివరికి ఊరంతా పుల్లయ్య వైపు తిరిగింది. సంతకం నీ చేతిలో ఉంది, బావిని నువ్వే నిలబెట్టాలి అన్నారు. ఆయన సరేనని తలూపాడు. ఆ తలూపడంతో బరువంతా ఆయన మీద పడింది.

కంపెనీకీ మా ఊరికీ మధ్య నడిచింది ఉమామహేశ్వర్లు శెట్టి. మనిషి మంచివాడే. గని తెరుచుకుంటే తన దుకాణం పెరుగుతుందన్న ఆశ ఉన్నవాడు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగినవాడు. కంపెనీ పెద్ద ఫెర్గూసన్ దొర శెట్టికి కబురు పంపాడు. రైతును మద్రాసు తీసుకురా, హోటల్లో కలిసి భోంచేద్దాం, తర్వాత కాగితాల సంగతి చూద్దాం అని. ఆ కబురు విన్నప్పటినుంచి శెట్టికి నిద్ర పట్టలేదు. పుల్లయ్య అక్కడ పళ్లెంలో చెయ్యి పెట్టి కలిపితే తన పరువేం కావాలి అన్నదే ఆయన దిగులు.

దాంతో శెట్టి దుకాణంలో పాఠాలు మొదలయ్యాయి. మిషను బంగళాలో బట్లరుగా పనిచేసే గిద్దలూరు కృపాకర్‌ను బతిమాలి ముళ్లగరిటెలు, కత్తులు తెప్పించాడు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పలక తీసి, దాని మీద బలపంతో గుండ్రంగా పళ్లెం గీశాడు. పళ్లానికి ఎడమ పక్కన ముళ్లగరిటెలు, కుడి పక్కన కత్తులు, చెంచా పేర్చాడు. ఊరి పెద్దరైతు, పంచె సర్దుకుని, పలక ముందు బడిపిల్లాడిలా కూర్చున్నాడు. పలకల వ్యాపారంలో శెట్టి అన్ని పలకలు అమ్మాడు గానీ, ఇట్లాంటి అక్షరాభ్యాసం మాత్రం చేయించి ఎరగడు.

గుడ్డ భుజం మీద వేసుకోకూడదు, ఒళ్లో పరుచుకోవాలి. బయటి వరసలో ఉన్నవి ముందు వాడాలి, ఒక్కో వంటకానికి లోపలికి జరుగుతూ పోవాలి. నీళ్లచారు లాంటిది ముందు వస్తుంది, దాన్ని జుర్రకూడదు, చప్పుడు కాకూడదు. తిన్నాక కడుపు నిండిందని త్రేన్చకూడదు. కత్తీ ముళ్లగరిటే పళ్లెంలో పక్కపక్కన పెడితే చాలని అర్థం, ఎడంగా పెడితే ఇంకా తింటానని అర్థం. కృపాకర్ చేసి చూపించేవాడు, పుల్లయ్య చేసేవాడు. దుకాణంలో దొరికిందల్లా జొన్నసంగటి కాబట్టి ముళ్లగరిటెతో సంగటి తినడం కూడా ఆ రోజుల్లో ఆయన నేర్చుకున్నాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంకొకరి ఇంటి పద్ధతి తెలుసుకుని పోవడం మనకే గౌరవం అన్నాడు.

అన్నీ అయ్యాక శెట్టి పలక తుడుస్తూ, ఊరికే చెప్పినట్టు ఇంకో మాట చెప్పాడు. బల్ల దగ్గర పనుల సంగతి ఎత్తకూడదు, కాఫీ వచ్చేదాకా ఆగాలి, అది దొరల మర్యాద అని. పుల్లయ్య ముళ్లగరిటె కింద పెట్టాడు.

“కాఫీ ఎప్పుడిస్తారు అల్లుడా?” అని అడిగాడు.

“అన్నీ తిన్నాక మామా, చిట్టచివర.”

“తినకముందు అడగకూడదా?”

“కూడదు. తిన్నాకే.”

పుల్లయ్య ముళ్లగరిటెను పక్కకు జరిపాడు. తుడిచిన పలక వంక చూస్తూ కూర్చున్నాడు. పాఠం బాగా ఎక్కిందనుకుని శెట్టి మురిసిపోయాడు.

మార్కాపురం రోడ్డు స్టేషనుదాకా బండి, అక్కడినుంచి గుంటూరు మీదుగా రైలు. పుల్లయ్య అంతకుముందు పొదిలి, కనిగిరి సంతలు దాటి ఎరగడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, దాటిపోయే ప్రతి ఊళ్లోనూ బావి ఎక్కడుందా అని చూసుకుంటూ పోయాడట. మద్రాసులో దిగి హోటలు దగ్గరికి వచ్చాక గుమ్మంలో మొదటి చిక్కు వచ్చింది. ఆయన చెప్పులు విప్పేశాడు. విప్పకూడదని శెట్టి చెవిలో చెబుతూ నానా తంటాలు పడ్డాడు. అన్నం దగ్గరికి చెప్పులతో రానని ఆయన చల్లగా చెప్పి, వాటిని గోడవారగా పక్కపక్కన పెట్టి లోపలికి నడిచాడు. గుమ్మం దగ్గర జరీ తలపాగా కట్టుకుని నిలబడ్డ మనిషి ఆ చెప్పుల్ని చూసి, ఏమనుకున్నాడో, వాటికి కాపలా ఉన్నట్టు కాస్త ఆ పక్కకు జరిగి నిలుచున్నాడు.

లోపల అడుగుపెట్టగానే పుల్లయ్య ఆగిపోయాడు. కాళ్ల కింద తివాచీ మెత్తగా దిగబడుతోంది. పైన కరెంటు పంకాలు తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. అన్ని బల్లల దగ్గరా మనుషులు భోంచేస్తున్నారు, అక్కడా చప్పుడు లేదు. తెల్లటి గుడ్డలు, వాటి మీద తామరమొగ్గల్లా మడిచి నిలబెట్టిన చేతిగుడ్డలు, వెండి సామాను, గాజుగ్లాసుల్లో పడి చెదిరే వెలుతురు. వడ్డించేవాళ్లు తెల్లని అంగీలు, నడుముకు ఎర్రపట్టీలు కట్టుకుని, ఎడమపక్కనుంచి వచ్చి వంగి వడ్డించి, పిలవకుండానే తెలుసుకుని పళ్లేలు తీసుకుపోతున్నారు. మా వైపు పెళ్లి పంక్తిలో అయితే నెయ్యి, నెయ్యి అని కేకలు, ఇంకొంచెమని బలవంతాలు, కాదు చాలని చేతులు అడ్డం పెట్టడాలు. ఇక్కడ ఇంతమంది ఒక్క కేక లేకుండా ఎట్లా తింటున్నారా అని ఆయనకు అబ్బురం. అన్నానికి ఇంత పూజ చేసేవాళ్లు ఉన్నారా అల్లుడా అని మెల్లగా అన్నాడట. ఆ మాటలో వెటకారం ఏమాత్రం లేదని శెట్టి నాకు ఒట్టేసి చెప్పాడు.

ఫెర్గూసన్ దొర లేచి నిలబడి ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. నెరిసిన మీసాలు, ఎండకు కందిన ముఖం. ఆయన పక్కన కంపెనీ లెక్కలు చూసే కుర్రదొర ఒకడు. పశుమాంసం బల్ల మీదికి రాకుండా, శెట్టికి కూరగాయల చారు, ఉడికిన కూరగాయలు, రొట్టె మాత్రమే వచ్చేట్టు ఫెర్గూసన్ ముందే ఏర్పాటు చేశాడు. దొరకూ మర్యాద తెలుసునని ఒప్పుకోవాలి.

పుల్లయ్య చేతిగుడ్డ విప్పి ఒళ్లో పరుచుకున్నాడు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. చారు వచ్చింది. ముగ్గురూ చెంచాలు అందుకున్నారు. పుల్లయ్య చేతులు ఒళ్లో ఉన్నాయి. చెంచా మరిచిపోయాడేమోనని శెట్టి కళ్లతో సైగ చేశాడు, మోచేత్తో తాకాడు. పుల్లయ్య ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు. దొర వాతావరణం గురించి, మా వైపు పంటల గురించి మాట్లాడుతున్నాడు. పుల్లయ్య అన్నిటికీ నెమ్మదిగా జవాబు చెబుతున్నాడు. చారు ఆవిరి ఆగిపోయింది. వడ్డించేవాడు వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, నిండు పళ్లాన్ని తీసుకుపోయాడు.

చేప వచ్చింది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అప్పటికి శెట్టికి విషయం అర్థమైంది. ఆ మర్యాద ఆయనకు తెలియనిది కాదు, శెట్టిదీ ఆ నేలే కదా. ఇంత పెద్ద హోటల్లో, దొర బల్ల దగ్గర ఎవరైనా ఆ పని చేస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు. దొర మొహం ఎత్తేసరికి, ఈరోజు ఈయనకు ఉపవాసమండీ అని నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. దొర నొచ్చుకుని, ముందే చెప్పకూడదా అని, పళ్లూ పాలూ తెప్పించాడు. అరటిపళ్లు, ద్రాక్ష, వెండిగ్లాసులో పాలు. అవీ అట్లాగే ఉండిపోయాయి. అబద్ధం ఆ పాల మీద మీగడలా తేలి అందరికీ కనబడుతోంది.

అప్పుడు దొర ఒక పని చేశాడు. తన పళ్లెంలో ఇంకా సగం ఉండగానే కత్తీ ముళ్లగరిటే పక్కపక్కన పెట్టేశాడు. అది చూసి కుర్రదొర తనవీ పెట్టేశాడు. పిలిచిన అతిథి తినకుండా కూర్చుంటే పిలిచినవాడు తినడం వాళ్లలోనూ తప్పేనట. వడ్డించేవాళ్లు బల్ల చుట్టూ ఉన్నచోటే నిలబడిపోయారు. వంటలో లోపముందేమోనని పెద్ద బట్లరు గాభరాగా వచ్చాడు. పక్కబల్లల దగ్గర మాటలు తగ్గాయి. అంత పెద్ద హాల్లో ఒక మూల భోజనం ఆగిపోయింది. ఆపింది మా పుల్లయ్య తాత, చేతులు ఒళ్లో పెట్టుకుని.

సంగతేమిటో ఉన్నదున్నట్టు చెప్పమని దొర శెట్టిని అడిగాడు. శెట్టి నువ్వే చెప్పు మామా అన్నట్టు పుల్లయ్య వైపు తిరిగాడు.

“ఈ పెద్దమనిషి నన్ను అన్నానికి పిలిచినాడు,” అన్నాడు పుల్లయ్య. “నేను ఒక మాట అడగాలని వచ్చినాను. అడగకుండా తింటే ఇంక అడిగే నోరు నాకుండదు. తినకుండా లేచిపోతే ఈయన పరువు తీసినట్టయితాది. రెంటికీ నాకు మనసొప్పలేదు. అందుకని కూర్చున్నా. ఉన్నదున్నట్టు చెప్పు అల్లుడా, ఏమీ దాచబాకు.”

శెట్టి చెప్పాడు. దొర విని, మా బల్ల దగ్గర కాఫీకి ముందు పనుల మాట ఎత్తే అలవాటు లేదే అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే ఏం చేయాలో తోచక.

“అది నాకు తెలుసు. అల్లుడు చెప్పినాడు. అందుకే ఇంతసేపూ నేను ఆ మాట ఎత్తలేదు గదా,” అన్నాడు పుల్లయ్య.

ఈ మాటను ఇంగ్లీషులోకి మారుస్తూ ఉంటే తన ఒళ్లు జలదరించిందని శెట్టి చెప్పేవాడు. అప్పటిదాకా ఆయన పుల్లయ్యను మొరటువాడనుకున్నాడు. ఆ మనిషి దొర మర్యాద తప్పకూడదని మాట ఎత్తలేదు, తన మర్యాద తప్పకూడదని తినలేదు. రెండు మర్యాదలూ ఒక్క మనిషి ఒళ్లో కూర్చుంటే ఆ మనిషి అట్లా కదలకుండా ఉండటం తప్ప ఇంకేం చేయగలడు.

దొర గాజుగ్లాసును కొంచెం పక్కకు జరిపాడు, మళ్లీ దాని చోట పెట్టాడు. తర్వాత తన పద్ధతి తనే దాటి, అయితే అడగండి, ఏం కావాలి అన్నాడు.

పుల్లయ్య అడిగాడు. గుట్ట అడుగున ఊటబావి ఉంది, ఊరంతా ఆ నీళ్ల మీదే బతుకుతుంది, బావి జోలికీ దాని చుట్టూ నేల జోలికీ పోకూడదు, రాతిపెళ్లలు ఇంకెక్కడైనా పోసుకోవాలి. అంతే. దొర కుర్రదొరతో ఏదో మాట్లాడాడు. కుర్రదొర తల అడ్డంగా ఊపాడు, ఖర్చని ఏదో అన్నాడు. శెట్టి లోలోపలే దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాడు. దొర కుర్రదొరను ఆపి పుల్లయ్య ముఖంలోకి చూశాడు. ఆయనకు తెలుగు ఎంత వచ్చో ఎవరికీ తెలియదు.

“సరే,” అన్నాడు దొర, తెలుగులోనే.

పుల్లయ్య ఒళ్లోనుంచి చేతులు తీసి బల్ల అంచు మీద పెట్టాడు. “ఇంక వడ్డించమను,” అన్నాడు.

దొర పెద్ద బట్లరును పిలిచి, మొదటినుంచి మళ్లీ తెమ్మన్నాడు. మళ్లీ చారు వచ్చింది, నలుగురికీ. సగం తిన్న దొర కూడా పుల్లయ్యకు తోడుగా చారునుంచీ మొదలుపెట్టాడు. ఈసారి వేరేవాళ్లను రానీయకుండా పెద్ద బట్లరే స్వయంగా వడ్డించాడు. పుల్లయ్య బయటి చెంచా అందుకున్నాడు. చప్పుడు లేదు. చేపకు చేపకత్తి, కోడికి పెద్దకత్తి, తీపికి తీపిచెంచా, ఒక్కటి తప్పలేదు. మార్కాపురంలో పలక మీద దిద్దినదంతా అక్కడ వెండి మీద చేసి చూపించాడు. చివర్లో కత్తీ ముళ్లగరిటే పక్కపక్కన పెట్టాక, ఎంత ఆపుకున్నా త్రేన్పు వచ్చింది. చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. దొర కిటికీ వైపు చూస్తూ విననట్టే ఉన్నాడు. కాఫీ తాగాక బావిని విడిచిపెట్టినట్టు కాగితంలో రాయించి, పుల్లయ్య సంతకం పెట్టాడు. పాలగ్లాసు కూడా తెప్పించుకుని తాగాడు, పారబోస్తారేమోనని.

తిరుగు రైల్లో శెట్టి ఆనందం పట్టలేక ఆ హాలునంతా మళ్లీ వర్ణిస్తూ కూర్చున్నాడు. మాటల మధ్యలో ఏదో తట్టి ఠక్కున ఆగిపోయాడు.

“మామా, గట్టుచేను వాళ్లదైపోయింది గదా. అందులో పెద్దయ్య తాత సమాధి ఉందే. అది కూడా విడిచిపెట్టమని అడగకపోతివి.”

పుల్లయ్య కిటికీలోనుంచి బయటికి చూస్తూనే చెప్పాడు. “ఒక విస్తరి ముందు ఒకటే మాట అల్లుడా. నాకు ఆ పద్ధతి నేర్పింది మా నాయనే.”

మార్కాపురం రోడ్డులో దిగాక శెట్టే బండి మాట్లాడి పుల్లయ్యను ఊరిదాకా దింపి వచ్చాడు.

గని తెరిచారు. కూలీలు సమాధి మీద గడ్డపార వేయడానికి వెనకాడుతుంటే పుల్లయ్యే పోయి మొదటి దెబ్బ వేశాడు. పరాయి చెయ్యి పడకూడదని అనుకున్నాడో ఏమో. తట్టెడు మట్టి తెచ్చి ఇంటి పెరట్లో పోసుకున్నాడు. ఆయన భార్య పుష్పమ్మ గొడవపెట్టుకుంది. బావి చుట్టూ అంత నేల నువ్వు గెలిచావు కదా, ఆ మట్టి అక్కడ పెట్టి సమాధి కట్టుకోరాదా అని. అది ఊరికని అడిగింది, మనకని కాదు అన్నాడు. ఆ తర్వాత ఏ సంవత్సరమూ ఆయన గట్టుచేను వైపు నడవలేదు. పొద్దున్నే ఎక్కడ నిలబడాలో తెలియని మనిషిలా కాసేపు వాకిట్లో నిలబడేవాడు. కంపెనీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. మందుగుండుకు ఇంటిగోడ బీటలు వారినా అనలేదు. ఉప్పు తిన్నాడు కదా. పుష్పమ్మకు ఆ మౌనం మీద చెప్పలేనంత కోపంగా ఉండేది. ఆమె కోపం సబబే అని నేనంటాను.

దొర మాట తప్పలేదు. బావి చుట్టూ పలకరాళ్లు నిలువుగా పాతించి, దాటి రావద్దని హద్దు పెట్టించాడు. అంతమాత్రాన దొర దేవుడని నేను అనబోవడం లేదు. గుట్ట గుట్టంతా చీల్చి పట్టుకుపోయింది ఆ కంపెనీయే.

కొన్నేళ్లకు ఫెర్గూసన్ దొర ఉద్యోగం చాలించి తన దేశం పోతూ, ఒక మధ్యాహ్నం శెట్టిని వెంటబెట్టుకుని ఊట్లపల్లె వచ్చాడు. ముందుగా కబురు పంపాడు కాబట్టి పుష్పమ్మ కోడి కోయించి వరన్నం వండింది. పంచలో దొర కోసం కుర్చీ వేశారు. ఆయన కుర్చీ వద్దని, బూట్లు గుమ్మం దగ్గర విప్పి, నేల మీద చాప మీద నానా అవస్థా పడి కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ గడ్డందాకా వచ్చాయి. మోదుగాకు విస్తరి వేశారు. అన్నం, పప్పు, కోడికూర, గోంగూర పచ్చడి వడ్డించారు. పుష్పమ్మ నెయ్యి పోసింది. పుల్లయ్య, శెట్టి ఎదురుగా నిలబడ్డారు.

దొర తినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

చేత్తో తినడం రాదనుకుని పుష్పమ్మ గరిటె కోసం లోపలికి పరుగెత్తింది. కారం వాసనకు భయపడ్డాడనుకుని శెట్టి పెరుగు తెమ్మన్నాడు. పుల్లయ్య మాత్రం దొర చేతుల వంకే చూశాడు. చూసి, విస్తరికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఏంది సంగతి, అడుగు,” అన్నాడు.

దొర ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు, శెట్టి ఒక్కో మాటా తెలుగులో పెట్టాడు. గట్టుచేనులో మీ నాయన సమాధి ఉండేదని నాకు ఆలస్యంగా తెలిసింది. శెట్టి చెప్పాడు. మీరు ఎందుకు అడగలేదో కూడా చెప్పాడు. తవ్వింది నా మనుషులు, తెలియక తవ్వించింది నేను. మీ మనసులో నా మీద మచ్చ ఉంటే తీసేయండి. అది ఒక్కటే నా మాట.

పుల్లయ్య తలొంచుకున్నాడు. గడప అవతల గరిటె పట్టుకుని పుష్పమ్మ నిలబడిపోయింది. విస్తరిలో నెయ్యి పేరుకుంటోంది, అన్నం చల్లబడుతోంది. తీసేశానని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. ఎవరైనా అనేసేవాళ్లే, గడప దాకా వచ్చిన దొర కదా. పుల్లయ్యకు అట్లా అనడం చేతకాలేదు. ఉత్తమాట మీద ఒక మనిషి చేత అన్నం తినిపించడం ఆయన వల్ల అయ్యే పని కాదు. దొర కూడా తొందరపెట్టలేదు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నా అట్లాగే కూర్చున్నాడు.

“ఉంది,” అన్నాడు పుల్లయ్య చివరికి. “ఇన్నేండ్లూ ఉంది. నీ ఉప్పు తిన్నాను గనక నోరెత్తలేదు. పొద్దున లేస్తే మా నాయన ఏ పిల్లోని పలకలో ఉన్నాడో అనుకుంటా లేచినా.”

ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. పుల్లయ్య కంట నీరు చూడటం పుష్పమ్మకు పెళ్లయినప్పటినుంచి అదే మొదలట. ఆమె కోపమంతా ఆ నిమిషంలో ఎటు పోయిందో తనకే తెలియలేదని తర్వాత ఎప్పుడో చెప్పింది.

పుల్లయ్య మళ్లీ తలెత్తేసరికి ఆయన ముఖం తేటగా ఉంది.

“నువ్వు అడిగినావు గనక తీసేసినా,” అన్నాడు. “తిను నాయనా.”

దొర కుడిచెయ్యి విస్తరి మీద పెట్టాడు. అన్నం కలపడం రాక వేళ్ల సందుల్లోనుంచి జార్చుకుంటూ, కారానికి కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. చాలని చెయ్యి అడ్డం పెట్టినా పుల్లయ్య మా వైపు పద్ధతిలో బలవంతం చేసి మళ్లీ వడ్డించాడు. తినడం అయ్యాక చెంబు తెచ్చి తనే గ్లాసులో నీళ్లు పోశాడు. అవి ఊటబావి నీళ్లు. దొర మొత్తం తాగి, ఇంకొంచెం పోయమని గ్లాసు చాపాడు.